శారద పేరు ఎవరికి గుర్తుంది?

తెలుగు కథల్లో పేరు మర్చిపోయిన స్త్రీ ఎవరంటే మనలో చాలామందికి వెంటనే గుర్తొచ్చేది పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ. 1995లో అదే పేరుతో కథల సంపుటి కూడా వచ్చింది. స్త్రీవాద సాహిత్యం గురించి ఎవరు మాట్లాడినా ఈ కథని తల్చుకోకుండా ముగించరు. పాఠాలుగా చెప్పారు, అనువాదాలు చేశారు, సెమినార్లలో చర్చించారు. మరి మళ్ళీ ఎందుకు దీని గురించి రాయడం అని మీరు అడగొచ్చు.

నేను ఈ కథని దాదాపు ప్రతి ఏడాదీ దసరా ముందు చదువుతాను. ఇల్లు దులిపే రోజులవి. ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, దొరికిన సందుల్లో చదువుకునే పాఠకురాలిని నేను. అలా చదువుతుంటే ఈ కథ నాకు చెప్పే మాట ఇప్పటిదాకా విమర్శలో విన్న మాటకి కొంచెం పక్కగా ఉంది. దాన్ని మీతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

కథ మీకు తెలిసిందే. చదువుకున్న, చురుకైన ఒక అమ్మాయి పెళ్ళి చేసుకుని భర్త చూపించిన ఇంటిని తన ఇల్లనుకుంటుంది. కొంగు బిగించి ఇల్లంతా అలికి ముగ్గు పెడుతుంది. భర్త మెచ్చుకుంటాడు. ఆ మెప్పులో పడి అలకడమే జీవితమైపోతుంది. కొన్నేళ్ళకి ఒకరోజు తన పేరేమిటో గుర్తురాదు. పిల్లలకి ఆమె అమ్మ. పనమ్మాయికి అమ్మగారు. భర్తని అడిగితే కొత్తపేరు ఏదో ఒకటి పెట్టుకోమని తేలిగ్గా సలహా ఇస్తాడు. చివరికి పాత స్నేహితురాలు ఎదురుపడి పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరు శారద.

ఈ కథని అస్తిత్వం గురించిన కథ అన్నారు. నిజమే. అయితే రచయిత్రి ఆ స్త్రీకి శారద అనే పేరే ఎందుకు పెట్టారు? కావాలని పెట్టారో, చేతికొచ్చిన పేరో మనకి అనవసరం. అచ్చులో ఉన్న పేరు పాఠకుల సొత్తు. శారద అంటే శరత్కాలానిది అని అర్థం. శారద అంటే సరస్వతి. మన వైపు చదువుల తల్లికి పూజ జరిగేది శరన్నవరాత్రుల్లో, మూలా నక్షత్రం రోజున. అంటే ఇల్లలికి అలికి ఆ ఇల్లాలు మర్చిపోయింది ఏదో ఒక పేరు కాదు, చదువు పేరే. స్నేహితురాలు కూడా వట్టి పేరు చెప్పి ఊరుకోదు. నువ్వు చదువులో ఇంత, పాటలో ఇంత, బొమ్మలు ఇలా వేసేదానివి అని ఒక జాబితా చెబుతుంది. పేరు ఆ జాబితాతో కలిసే వెనక్కి వస్తుంది. భర్త ఇవ్వబోయిన కొత్త పేరు ఎందుకు పనికిరాదో ఇక్కడ తెలుస్తుంది. ఆ పేరు వెనక ఆమెకి వచ్చిన పని ఒక్కటీ లేదు.

ఈ మాట ఒంటిమిట్టలో కూర్చుని ఆలోచిస్తే ఇంకొంచెం దూరం పోతుంది. మాది కోదండరాముడి ఊరు. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉన్నారు కాబట్టి ఏకశిలానగరమని పేరు. భాగవతం రాసిన పోతన ఇక్కడివాడే అని మావాళ్ళ నమ్మకం. కాదు, ఓరుగల్లు దగ్గరి బమ్మెరవాడని అటువాళ్ళంటారు. ఈ వాదన మీద ఎన్ని పుస్తకాలు, ఎన్ని వ్యాసాలు వచ్చాయో లెక్కలేదు. నేను ఆ వాదనలోకి పోను. పోతన గురించి రెండు చోట్లా ఒకేలా చెప్పుకునే కథ ఒకటుంది, నాకు కావలసింది అది. పోతన నాగలి దున్నుకుని బతికాడు. కావ్యాన్ని రాజుకి అమ్ముకోలేదు. తనని ఎక్కడ అమ్మేస్తాడో అని సరస్వతి కాటుక కన్నీళ్ళతో వచ్చి నిలబడితే, భయపడకు తల్లీ, నిన్ను అమ్మను అని మాట ఇచ్చాడు. ఆ చాటుపద్యం మా పిల్లలకి కూడా నోటికొచ్చు.

ఆ కథలో నాగలి పోతనకి గౌరవం తెచ్చింది. పగలు పొలం, రాత్రి భాగవతం. రెండు పనులూ ఒక మనిషిలో ఇమిడిపోయాయి. ఒకదానికొకటి అడ్డం రాలేదు. ఎందుకు రాలేదు? పొలం నుంచి వచ్చేసరికి సంగటి ఎవరు కెలికి పెట్టారు? దీపంలో చమురు ఎవరు పోశారు? పోతన ఏ ఊరివాడని ఇంత తవ్వినవాళ్ళలో ఈ ప్రశ్న వేసినవాళ్ళు నాకు కనపడలేదు. శారదకి అభయమిచ్చిన కవి ఇంట్లోనే ఇంకో శారద ఉండి ఉంటుందని తోచకపోవడం వింతేమీ కాదు. మన సాహిత్య చరిత్రకి వంటిల్లు లేదు.

మా ఊరికి పుస్తకప్రియుడైన ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. వావిలికొలను సుబ్బారావుగారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పినాయన, వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసినాయన. తర్వాత వైరాగ్యంతో ఒంటిమిట్ట చేరి, టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా బిచ్చమెత్తి పాడుబడిన కోవెలను బాగుచేయించాడు. ఆయనమీద నాకు గౌరవముంది. అయితే పుస్తకమ్మీద ప్రేమ ముదిరినప్పుడు మగవాడికి ఇలాంటి దారి ఒకటి తెరిచి ఉంటుందన్నది కూడా చూడాలి. అన్నీ వదిలిపెట్టి వెళ్ళొచ్చు. లోకం వాసుదాసు అని దండం పెడుతుంది. ఇద్దరు పిల్లల తల్లి ఒక పుస్తకం కోసం ఒక్క ఆదివారం వంట వదిలిపెడితే ఆమెని ఏమని పిలుస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

మరి స్త్రీ కవి సంగతేమిటి? మా జిల్లాలోనే, పెన్న అవతల బద్వేలు దగ్గర గోపవరం ఉంది. మొల్ల ఊరు అదేనని మావాళ్ళు చెబుతారు. ఆమె రామాయణం దాదాపు 870 పద్యాలు. పోతనలాగే ఆమె కూడా తన కావ్యాన్ని రాజుకివ్వలేదు, రాముడికే ఇచ్చింది. పోతనలాగే ఆమె కూడా ఇది నా గొప్ప కాదు, దేవుడి దయ అంది. పోతన ఆ మాటంటే భక్తి అన్నారు. మొల్ల నాకు వ్యాకరణం తెలియదు, అలంకారాలు తెలియవు, ఛందస్సు తెలియదు అని వరసబెట్టి చెబితే, పాపం చదువుకోలేదు అన్నవాళ్ళున్నారు. తెలియనివాటిని ఇంత క్రమంగా పేర్లతో సహా చెప్పగలిగిన మనిషికి అవి తెలియవని ఎలా నమ్మారు? నాగలి పోతన పేరుకి అలంకారమైంది. కుండ మాత్రం మొల్ల పేరుకి ముందు కులమై అతుక్కుంది. కుమ్మర మొల్ల అంటాం. పోతనని దున్నే పోతన అనం.

ఈ ఇద్దరి పక్కన సత్యవతిగారి శారదని నిలబెట్టి చూడండి. పోతన చేతిలో నాగలి, మొల్ల చేతిలో కుండ, శారద చేతిలో అలుకుగుడ్డ. పని అందరికీ ఉంది. ఒకరి పని పేరుని పెంచింది. ఒకరి పని పేరుని కులంలో కట్టేసింది. ఒకరి పని పేరుని తుడిచేసింది. తేడా పనిలో లేదు, ఆ పనిని ఎవరు ఎవరికోసం చేస్తున్నారన్న దాంట్లో ఉంది. ఇల్లలకగానే కథని నేను ఇలా అర్థం చేసుకుంటాను. ఇది పని గురించిన కథ. పని చేసే మనిషికి చదువు మిగులుతుందా లేదా అన్న కథ.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ఆఫీసులో నాతో పనిచేసే ఒకామెకి ఈ కథ చదవమని ఇచ్చాను. చదివి, “బాగుంది గానీ ఇది మన కథ కాదులే అక్కా. మన పేరు హాజరుపట్టీలో ఉంది గదా” అంది. ఆ మాట కొట్టిపారేసేది కాదు. ఈ కథ వచ్చిన నాటికీ ఇప్పటికీ ఆడవాళ్ళ పేర్లు కాగితాల మీదికి బాగానే వచ్చాయి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటిపెద్ద ఆ ఇంట్లో పెద్ద వయసు స్త్రీ. 2020లో మొదలైన అమ్మ ఒడి డబ్బు గానీ, 2025లో ఇచ్చిన తల్లికి వందనం డబ్బు గానీ పడింది తల్లుల ఖాతాల్లోనే. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక ఒంటిమిట్ట నుంచి కడపకి నేను పోయే బస్సులో ప్రతి ఆడమనిషీ గుర్తింపు కార్డు తీసి చూపిస్తోంది. కార్డుమీద ఆమె సొంత పేరు. శారద కనక ఇవాళ బస్సెక్కితే తన పేరు తెలుసుకోవడానికి స్నేహితురాలి దాకా పోనక్కర్లేదు. కండక్టరే చదివి చెబుతాడు.

అయితే శారద సమస్య తీరినట్టేనా? నా సంగతి చూడండి. ఆఫీసులో నేను మేడమ్‌ని. బడిలో ఫలానా పాప వాళ్ళమ్మని. వీధిలో వదినని. “ఏం వదినా, ఇంగా బూజు దులపలేదా? పండగ నెత్తిమీదికొచ్చె” అంటుంది పక్కింటామె. మా ఇళ్ళకి కడప బండల నేల. పేడతో అలికే పని లేదు, కడగడమే. అటక మీద సామాన్లు దించాలి, ఇత్తడి తోమాలి, దుప్పట్లు ఉతకాలి. కావ్యాల్లో శరత్తంటే తేరిపోయిన ఆకాశం. మా సీమలో మబ్బు పట్టి అంతో ఇంతో వాన పడేది ఈ రోజుల్లోనే, కాబట్టి ఉతికినవి ఆరవు. ఇంతలో పిల్లల పరీక్షలు, ఆఫీసులో ఆయుధపూజ. నా పేరు నాకు బాగా గుర్తుంది. మర్చిపోయేది ఏ పేజీలో ఆగానో అన్నది. పుస్తకంలో బస్సు టికెట్టు గుర్తు పెట్టుకునేదాన్ని. బస్సులో కూర్చునే చోటు దొరికితే ముప్పావుగంట చదువు. ఇప్పుడు బస్సుల్లో ఆడవాళ్ళు నిండుగా ఉన్నారు, నిలబడాల్సి వస్తోంది. దానికి నాకు బాధ లేదు. ఇన్నాళ్ళూ ఛార్జీకి వెనకాడి ఇంట్లో ఆగిపోయిన మనుషులు వాళ్ళు.

పేరు వచ్చింది, సమయం రాలేదు. దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పనులకి పెడుతున్నారు. ఇంటి పని చేస్తామన్న మగవాళ్ళ లెక్క ఇది. అసలు చేయనివాళ్ళు ఇందులో లేరు. పిల్లల్ని, ముసలివాళ్ళని చూసుకునే సమయం కూడా ఇందులో లేదు, దాని లెక్క వేరు. 2019లో ఇదే సర్వే చేసినప్పుడు ఆ అంకెలు 299, 97. అంటే అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకి తొమ్మిది నిమిషాలు తగ్గింది. మన చేతిలోంచి జారిన పని వాళ్ళ చేతిలో పడలేదన్నమాట. ఇద్దరి మధ్యా రోజుకి 201 నిమిషాల తేడా. ఇల్లలకగానే కథ చదవడానికి ఇరవై నిమిషాలు చాలు. ఆ 201 నిమిషాల్లో అలాంటి కథలు పది చదవొచ్చు. ఒక కథ రాయొచ్చు కూడా.

స్త్రీల రచనల్లో విస్తృతి తక్కువ, నవల కన్నా కథ ఎక్కువ, కథలో కూడా ఇల్లు ఎక్కువ అని తూచే విమర్శ ఈ నిమిషాలని లెక్కలోకి తీసుకోదు. సత్యవతిగారు విజయవాడలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, సంసారం చూసుకుంటూ రాసినావిడ. ఆమె కథ కొద్ది పేజీల్లో అయిపోతుంది. ఏళ్ళ తరబడి జరిగిన తుడిచివేతని నాలుగైదు చిన్న సంభాషణల్లో చెప్పేస్తుంది. ఎవరిని అడిగినా జవాబు ఒక్క వాక్యం, తర్వాత మళ్ళీ పని. పనిలో ఉన్న ఆడవాళ్ళ సంభాషణ అలాగే ఉంటుంది, పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి. దాన్ని క్లుప్తత అని మెచ్చుకుంటే సరిపోదు. ఆ క్లుప్తత ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. బస్సులో చదివే నాలాంటివాళ్ళు అందులోకి సులువుగా దూరిపోవడానికి కారణం అదే.

ఈ కథతో నాకు ఒక పేచీ కూడా ఉంది. ఇకనుంచి నన్ను పేరు పెట్టి పిలవమని శారద భర్తకి చెబుతుంది. ఆమె విషయంలో అది హక్కు. కానీ తెలుగులో పేరు పెట్టి పిలవడం అన్న మాటకి ఇంకో అర్థం ఉంది. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవం. వరస కలిపి పిలుస్తాం. మా వీధిలో ఇంటి పనులకి వచ్చే ఒకామె ఉంది. అరవై దగ్గర పడుతోంది. ఆమెని చిన్నపిల్లలు కూడా పేరు పెట్టి పిలుస్తారు. అవ్వా అనీ అనరు, అత్తా అనీ అనరు. శారద దేనికోసం అంత వెతికిందో అది ఈమెకి రోజుకి వంద సార్లు దొరుకుతోంది, గౌరవం మాత్రం దొరకడం లేదు. ఇంకోవైపు ఈమె ఎదురింటి ఇల్లాలిని అమ్మా అనే పిలుస్తుంది, పేరు నోటినుంచి రాదు. అంటే పేరు ఉండటం, పోవడం ఒకటే లెక్క కాదు. ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, ఏ కులం, ఏ పని అన్నదాన్ని బట్టి అదే పేరు ఒకచోట గుర్తింపు, ఇంకోచోట చిన్నచూపు. కుమ్మర మొల్ల దగ్గర మనం చూసింది కూడా ఇదే.

ఉద్యోగం చేసే మనకి ఈ ప్రశ్న ఇంకా సూటిగా తగలాలి. మనకి దొరికే కాస్త చదువు సమయం చాలాసార్లు ఇంట్లో మగవాళ్ళు ఇచ్చింది కాదు, ఇంకో స్త్రీ చేతిపని నుంచి కొనుక్కున్నది. ఆమె సంతకం నేర్చుకుందో లేదో, ఆమె కూతురి దగ్గర ఏ పుస్తకముందో అడగకుండా మనం మన శారదని వెతుక్కుంటే ఆ వెతుకులాట సగమే. సత్యవతిగారి కథ ఈ ప్రశ్న వెయ్యలేదని తప్పు పట్టను. ఆ కథ తలుపు తీసింది. లోపలికి ఎవరెవరు రావాలో చూసుకోవడం తర్వాత చదివినవాళ్ళ పని. ఆ పని దళిత, ముస్లిం రచయిత్రులు చేస్తూనే ఉన్నారు. కడపలో పాఠాలు చెబుతూ రాస్తున్న ఎం.ఎం. వినోదిని గారి కథలు చదివితే, ఇంటి చాకిరీకి కులం ఎలా కలుస్తుందో మనకి తప్పించుకునే వీలు లేకుండా తెలుస్తుంది.

దసరాలో మా వైపు ఒక ఆచారముంది. సరస్వతీపూజ నాడు పుస్తకాలన్నీ దేవుడి ముందర పెట్టి, పసుపు కుంకుమ వేసి, పూజ ఎత్తేదాకా చదవకూడదంటారు. పిల్లలకి పండగే పండగ. నాకు మాత్రం ఆఫీసుకి సెలవు ఉన్న రోజున పుస్తకం ముట్టుకోకూడదంటే ఎట్లా? శారదని పీట మీద కూర్చోబెట్టి దండం పెట్టడం మనకి అలవాటే. ఆమె చేతికి పుస్తకం ఇచ్చి కాసేపు కూర్చోనివ్వడమే అలవాటు కాలేదు. మా పాప ఈ ఏడాది, “దేవతకైతే పూజ చేస్తారు గానీ, చదువుకునేటప్పుడు నన్ను పాలపాకెట్టుకి పంపిస్తారే” అంది. దానికి నేను ఇచ్చే జవాబు ఏ గ్రంథంలోనూ లేదు. తమ్ముణ్ణి పంపించాను.

మా ఊళ్ళో శ్రీరామనవమికి పోతన జయంతి చేస్తారు, కవిసమ్మేళనం పెడతారు. మంచిదే. అదే వేదిక మీద గోపవరం మొల్ల గురించి ఒక పూట మాట్లాడుకోవాలని, అక్కడే ఇల్లలకగానే కథ పైకి చదవాలని నా కోరిక. వంట చేసి, పిల్లల్ని ఎత్తుకుని ఆలస్యంగా వచ్చి వెనక కూర్చునే ఆడవాళ్ళకి వినపడేలా చదవాలి. కథ చివర్లో శారద ఇల్లు వదిలిపోలేదన్నది చాలామంది గమనించరు. ఇంటికే తిరిగొస్తుంది. పేరు దొరికాక కూడా ఆమె ఆగదు, తన సర్టిఫికెట్లు, తను వేసిన బొమ్మలు ఎక్కడున్నాయో వెతుకుతుంది. నాకు కథలో అన్నిటికన్నా విలువైన చోటు అది. పేరుని ఎవరైనా గుర్తు చెయ్యొచ్చు, ప్రభుత్వం కార్డు మీద అచ్చువేసి ఇవ్వొచ్చు. అటక మీద పడేసిన చదువుని దించుకోవడానికి మాత్రం మనిషికి కొంత సమయం కావాలి, కింద నిచ్చెన పట్టుకునే మనిషి ఇంకొకరు కావాలి. ఆ నిచ్చెన పట్టుకునే పనిని ఇంట్లో మగవాళ్ళు నేర్చుకునేదాకా ఇల్లు ఎంత అలికినా పండగ కాదు.